బావిలో ఇంజను

మా మనవరాలి బడిలో వక్తృత్వ పోటీ పెట్టారు. విషయం శిలాజ ఇంధనాల వల్ల లాభాలూ నష్టాలూ. పిల్లలను రెండు జట్లు చేసి చీటీలు తీయిస్తే దీనికి లాభాల వైపు వచ్చింది. అప్పటి నుంచి మొహం మాడ్చుకుని తిరుగుతోంది. నష్టాల వైపు వాళ్లకు చెప్పుకోవడానికి బోలెడుందట. పొగ, ఎండలు, కరిగిపోయే మంచు. తను లేచి డీజిల్ మంచిదని చెబితే అందరూ తప్పు చేసినదాన్ని చూసినట్టు చూస్తారట.

నేను వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. పుస్తకం పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"అవ్వా, నీ చిన్నప్పుడు డీజిల్ వల్ల మీకేమన్నా మంచి జరిగిందా?"

"అన్నం వచ్చింది" అన్నాను.

అది నవ్వింది. "అట్లా కాదవ్వా, పాయింటు మాదిరి చెప్పు."

అంతలో కరెంటు పోయింది. మా వీధి చివర కళ్యాణ మండపం ఉంది. అక్కడ జనరేటరు దడదడమని మొదలైంది. ఆ వాసన కిటికీలోంచి వంటింట్లోకి వచ్చింది. పిల్ల చున్నీతో ముక్కు మూసుకుని కిటికీ రెక్క వేయడానికి లేచింది. నేను మాత్రం, ఎప్పటిలాగే, ఆ వాసనను గట్టిగా పీల్చాను. పీల్చిన వెంటనే, అదీ ఎప్పటిలాగే, ఒళ్లు ముడుచుకుపోయింది. డీజిల్ పొగ వాసన నాకు ఇష్టం. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు. మా ఇంట్లో జరిగింది తెలిసినవాళ్లు ఆ మాట వింటే ఏమనుకుంటారోనని.

మా ఊరు వడమాలపేటకు పైన, కొండల వైపు. బస్సు దిగి, రైలు పట్టాలు దాటి, చాలా దూరం నడవాలి. నా చిన్నప్పుడు ఆ ఇంట్లో మా అవ్వ, నాయన, అమ్మ, చిన్నాయన, నేను. చిన్నాయన అంటే నాయనకు తమ్ముడు. ఇద్దరికీ వయసులో చాలా తేడా ఉండేది. తాత పోయేనాటికి చిన్నాయన ఇంకా నిక్కర్లు వేసుకునే పిల్లాడు. అందువల్ల నాయన అతన్ని తమ్ముడిలా కాకుండా పెద్ద కొడుకులా చూసేవాడు. అన్నం దగ్గర కూర్చుంటే ముందు "వాడు తిన్యాడా?" అని అడిగేవాడు.

అప్పట్లో మా పొలానికి నీళ్లు కపిలతోనే. ఇప్పటి పిల్లలకు కపిల తెలియదు. బావి అంచున గిలక, దాని మీద మోకు, మోకు చివర తోలు తొండం ఉన్న పెద్ద ఇనుప బాన. ఎద్దులు ఏటవాలు బాట మీద కిందికి నడుస్తూ లాగితే బాన పైకి వచ్చి తొట్టిలో నీళ్లు కుమ్మరిస్తుంది. తర్వాత అవి వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ ఎక్కాలి. మళ్లీ దిగాలి. చీకటితో మొదలుపెడితే ఎండెక్కేదాకా అదే పని. చిన్నాయన ఎద్దులను తోలుతూ మోకు మీద కూర్చునేవాడు. బరువు కోసమని నన్నూ ఎక్కించుకునేవాడు. మోకు మీద కిందికి జారడం ఉయ్యాలలా ఉండేది. ఆ తర్వాత నేను దిగి, పార పట్టుకుని, కాలవలో నీళ్లు ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లించాలి. నీళ్లు కట్టే రోజు నాకు బడి లేదు. వారంలో సగం రోజులు నీళ్లు కట్టే రోజులే.

అంత చేస్తే తడిసేది ఇంటి ముందు పందిరంత నేల. రాగులు, చెనిక్కాయలు, ఏడాదికొకసారి కొంచెం వరి. పొద్దునా రాగి సంగటే, రాత్రీ సంగటే. వరికూడు పండగకూ చుట్టాలకూ. ఎద్దుల మెడలు కాడి రాసుకుని పుండ్లు పడితే అవ్వ ఆముదంలో పసుపు కలిపి పూసేది. పూస్తూ వాటితో మాట్లాడేది. "ఏం జేస్తామప్పా, మీకూ తప్పదు, మాకూ తప్పదు" అనేది. ఆ పసుపు ఆరకముందే మళ్లీ కాడి మెడ మీద పడేది. అప్పటి రోజులే బాగుండేవని ఎవరైనా అంటే నాకు ముందుగా ఆ మెడలు కళ్లముందుకొస్తాయి.

ఇంజను పుత్తూరు నుంచి ఎద్దుల బండి మీద వచ్చింది. ఆకుపచ్చ రంగు. అమ్మ దానికి కనకాంబరాల దండ వేసింది. అవ్వ టెంకాయ కొట్టింది. వెంట వచ్చిన మెకానిక్కు పక్కనున్న చిన్న మీట ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో హ్యాండిలు గిరగిరా తిప్పి, ఉన్నట్టుండి మీట వదిలేశాడు. గుండ్రటి నల్లటి పొగ ఒకటి ఆకాశంలోకి లేచింది, తర్వాత ఇంకొకటి, తర్వాత లెక్క తెలియకుండా వరసగా. మేము పిల్లలం చెవులు మూసుకుని ఎగిరాం. నీళ్ల గొట్టం ముసలాయన గొంతు సవరించుకున్నట్టు కాసేపు గరగరలాడి, గుప్పిటకు పట్టనంత లావున నీళ్లు కక్కింది.

అవ్వ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని కాలవలో దిగి నిలబడింది. నీళ్లు ఆమె పిక్కల దాకా వచ్చాయి.

"ఈ బాయిలో ఇన్ని నీళ్లుండాయా?" అంది. "ఇన్నాళ్లూ యాడ దాసిపెట్టుకోనుండాది ఇది?"

తడిసిన మట్టి వాసన, కొత్త రంగు కాలిన వాసన, డీజిల్ వాసన అన్నీ కలిసిన వాసన అది. నా ముక్కు అప్పుడే దానికి అంటుకుపోయింది.

ఆ ఏడాది నుంచి మాకు రెండు పంటలు వరి. అమ్మ ప్రతి రాత్రీ వరికూడు వండేది. మొదట్లో ఎసట్లో బియ్యం పోస్తూ భయంగా చుట్టూ చూసేదట, ఎవరైనా దుబారా అంటారేమోనని. ఎద్దులను పశువుల పరసలో అమ్మేశాం. నేను రోజూ బడికి పోవడం మొదలుపెట్టాను. నేను చదవగలనన్న సంగతి మా అయ్యవారికి తెలిసింది ఆ ఇంజను వల్లే. అంతకు ముందు నేను బడిలో కనిపిస్తేగా.

ఇంజను చిన్నాయన చేతికి వచ్చింది. దాన్ని తుడవడం, నూనె పోయడం, గొంతు విని ఏం కావాలో చెప్పడం అతనికి ఇష్టం. సాయంత్రం బడి నుంచి నేరుగా బావి దగ్గరకే పరుగెత్తేదాన్ని. పొగ గొట్టం మొదట్లో కాలే ఇనుము మీద గెణుసుగడ్డలు పెట్టి కాల్చుకునేవాళ్లం. నాయన వచ్చే అలికిడైతే చిన్నాయన వాటిని తువ్వాలులో చుట్టి వీపు వెనక దాచుకునేవాడు. కాలి గిలగిలలాడుతూనే అమాయకంగా నిలబడి, "ఏం లేదన్నా, ఇంజను సూస్తాండా" అనేవాడు. ఆ గడ్డలకు డీజిల్ వాసన వచ్చేది. అయినా తినేవాళ్లం. మసితో నాకు మీసాలు దిద్ది, "ఏం మామా, బాగుండావా?" అని పలకరించేవాడు. ఆ మీసాలతోనే ఇంటికి పోతే అమ్మ నన్నూ చిన్నాయననూ కలిపి తిట్టేది. అతనికి అప్పటికి పెళ్లి కుదిరింది. చిన్నమ్మ కాపురానికి వచ్చాక కూడా మసి మీసాలు ఆగలేదు. ఒకసారి ఆమెకూ దిద్దబోతే చేట తీసుకుని వెంటపడింది.

మాకు వచ్చిందని పక్క బావి వాళ్లూ తెచ్చారు, వాళ్లకు వచ్చిందని ఇంకొకరు. సాయంత్రమైతే కొండ కింద ఒక్కొక్క బావి నుంచి ఒక్కొక్క గొంతు వినిపించేది. ఏ శబ్దం ఎవరి ఇంజనుదో నేను కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. బావుల్లో నీళ్లు మాత్రం కిందికి పోసాగాయి. మా వరి కయ్యల పక్కన ఒక ముసలి దంపతులుండేవాళ్లు. వాళ్లు ఇంజను పెట్టలేదు, కపిలే. అందరికంటే ముందు వాళ్ల బావి ఎండింది. ఆ ముసలాయన కొన్నాళ్లు మా బావిగట్టు మీదకొచ్చి ఊరికే కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు, నీళ్లు పడే చోటు చూసి వెళ్లిపోయేవాడు. తర్వాత నాయుడుపేట పక్కన కూతురింటికి ఇద్దరూ వెళ్లిపోయారని తెలిసింది.

"భూమిలో నీళ్లు ఎవురివని సెప్పేది?" అన్నాడు నాయన ఆ రోజు అన్నం తింటూ. ఎవరూ అడగలేదు, ఆయనే అన్నాడు. నేను పెరుగు కలుపుకుని తిన్నాను.

కొన్నేళ్లకు మా బావిలోనూ నీళ్లు బాగా దిగిపోయాయి. గట్టు మీదున్న ఇంజను అంత లోతు నుంచి లాగలేకపోయింది. బావిని ఇంకా లోతుకు తవ్వించారు. లోపల రాతి మెట్లు ఆగిపోయే చోట గోడలోకి గూడు తొలిచారు. ఊళ్లో మగవాళ్లంతా కలిసి దూలాలు వేసి, మోకులు కట్టి, ఇంజనును ఆ గూట్లోకి దించారు. చిన్నపిల్లలు ఇక బావి దగ్గరకు రాకూడదన్నారు. గెణుసుగడ్డల సంబరం అంతటితో ముగిసింది.

బిగించిన మెకానిక్కు పోతూ పోతూ నాయనతో చెప్పాడు.

"అన్నా, పొగ గొట్టం పైదాకా ఎత్తల్ల. గూట్లో పొగ నిలిస్తే మంచిది గాదు."

"ఆదివారం పుత్తూరు పోయి అతికించుకోనొస్తాలే" అన్నాడు నాయన.

అంతవరకూ జాగ్రత్తగానే ఉన్నారు. ఇంజను వేయగానే పైకి వచ్చేసేవాళ్లు. ఆపాలంటే చిన్నాయన తువ్వాలు ముక్కుకు చుట్టుకుని, ఊపిరి బిగపట్టి, మెట్లు దిగి ఆపి, ఒక్క ఉరుకున పైకి వచ్చేవాడు. వచ్చి ఆయాసపడుతూ నవ్వేవాడు. చిన్నమ్మకు ఆ నవ్వు నచ్చేది కాదు.

ఆ శనివారం సాయంత్రం మా అయ్యవారు ఇంటికి వచ్చాడు. తిరుపతిలో ఆడపిల్లలకు హాస్టలున్న బడి ఒకటి ఉంది, సీట్లు అయిపోతున్నాయి, తనకు తెలిసినవాళ్లతో మాట్లాడి పెట్టానని, ఆదివారమైనా రేపే పిల్లను తీసుకుని పొమ్మని చెప్పాడు. నాయన తలగోక్కున్నాడు. "రేపు పుత్తూరు పోవల్లనే" అన్నాడు. కోతలు, నీళ్లు, కూలీల మధ్య నాయనకు ఊరు దాటే తీరిక ఎప్పుడో గానీ దొరికేది కాదు. నేను తలుపు పక్కన నిలబడి వింటున్నాను. ఏదో ఒక దేవుడికి మొక్కుకున్నాను, పుత్తూరు ఆగిపోవాలని.

చిన్నాయన గడపలో కూర్చుని కాళ్లు కడుక్కుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"గొట్టం యాడికి పోతాదన్నా? వచ్చే వారం తెచ్చుకుంటే సరి. సీటు పోతే మళ్లా రాదు. పాపను పిలుచుకోని పో."

వడమాలపేట రోడ్డు మీద నిలబడితే ఒక పక్కకు పుత్తూరు, ఇంకో పక్కకు తిరుపతి. ఆదివారం పొద్దున మేము తిరుపతి బస్సెక్కాం. నాకు సీటు దొరికింది. తర్వాతి సోమవారం వచ్చి చేరమన్నారు. నాయన నాకు రేకు పెట్టె కొన్నాడు, ఇద్దరం హోటల్లో కూర్చుని దోసెలు తిన్నాం. వచ్చేటప్పుడు బస్సు కిటికీ పక్కన కూర్చుని పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాను. అంత సంతోషం నేను ఆ తర్వాత నా పెళ్లిలో కూడా ఎరగను.

అది ఆ వారం మధ్యలో జరిగింది. మబ్బు పట్టిన రోజు. ఆకు కదలడం లేదు. నేను సంగటి, నంజుకోవడానికి ఊరుబిండి తీసుకుని పొలానికి పోతున్నాను. నాయన దూరంగా కింది కయ్యలో నీళ్లు కడుతున్నాడు. అవ్వ కూలివాళ్లతో కలుపు తీస్తోంది. ఇంజను శబ్దం రావడం లేదు. కాలవలో నీళ్లు మాత్రం ఇంకా సన్నగా పారుతున్నాయి. ఇప్పుడే ఆపినట్టున్నాడు అనుకున్నాను. బావిగట్టు మీద చిన్నాయన చెప్పులున్నాయి.

"చిన్నాయనా, సంగటి" అని పిలిచాను. పలకలేదు. తొంగి చూశాను. గూట్లోంచి ఒక కాలు బయటికి కనిపించింది. ఆ కాలు ఒక పక్కకు వాలి ఉంది. మనిషి కూర్చుంటే కాలు అట్లా ఉండదు.

నేను అరిచిన అరుపుకు అందరూ వచ్చారు. నాయన మెట్లు దిగబోయాడు. అవ్వ వెనక నుంచి ఆయన నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకుంది. నాయన గింజుకున్నాడు. ఆమె వదల్లేదు.

"ఇద్దురినీ ఆ బాయికి ఇయ్యలేనురా" అంది. ఏడవలేదు. "మండలు కొట్టుకోని రాండి. తాడు తీసుకోని రాండి."

పాత బావుల్లో దిగే ముందు చేసే పద్ధతే. వేపమండలు మోకుకు కట్టి బావిలోకి దించి పైకీ కిందికీ ఆడించారు. బిందెలతో నీళ్లు గుమ్మరించారు. లోపలి గాలి కదిలిందనుకున్నాక నాయన నడుముకు తాడు కట్టి దించారు. ఆయన తమ్ముణ్ణి భుజాన వేసుకున్నాడు, పైనుంచి అందరూ లాగారు. ఈ మండలూ నీళ్లూ ఎంతసేపు పట్టాయో ఎవరికీ తెలియదు. అవ్వ బతికినన్నాళ్లూ ఆ సేపును లోలోపల కొలుచుకుంటూనే ఉందని నాకనిపిస్తుంది. ఒక కొడుకును పట్టుకుని నిలబడినంతసేపు ఇంకో కొడుకు అక్కడ పడి ఉన్నాడు. ఆమె చేసింది తప్పని ఎవరూ అనలేదు. ఆమె ముందు ఆ ఊసు కూడా ఎత్తలేదు.

నీళ్లు సన్నబడితే చూద్దామని దిగి ఉంటాడు. ఇంజను ఆపింది అతనే. ఆపాక తిరిగి రావడానికి ఊపిరి చాలలేదు.

పైకి తెచ్చేసరికి ఊపిరి ఉంది, తెలివి లేదు. మంచం మీద వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తారు. ఇటికెల లారీ ఒకటి వస్తుంటే అవ్వ రోడ్డు మధ్యకు పోయి నిలబడింది. డ్రైవరు మారుమాట లేకుండా ఎక్కించుకున్నాడు. చిన్నమ్మ ఇటికెల మీద కూర్చుని అతని తల ఒళ్లో పెట్టుకుంది. ఆ లారీ కూడా నల్లగా పొగ వదులుతూ తిరుపతి వైపు పోయింది. అది లేకపోతే చిన్నాయన దారిలోనే పోయేవాడని పెద్దాసుపత్రిలో డాక్టరు అన్నాడట. ముక్కుకు గొట్టం పెట్టి ప్రాణవాయువు ఎక్కించారు.

సోమవారం వచ్చింది. నేను హాస్టలుకు పోనన్నాను. ఆస్పత్రి వరండాలో నాయన నా పెట్టె పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగిపోయింది.

"నువ్వు గూడా ఆగిపోతే ఇంగ ఇదంతా ఏమిటికి?" అన్నాడు. పెట్టె ఎత్తుకుని ముందు నడిచాడు. నేను వెనక నడిచాను.

అప్పటి నుంచి ఇంట్లో జరిగినవి నాకు అమ్మ చెప్పగా తెలిసినవే. నాయన బావి దిక్కు చూడటం మానేశాడట. వరి పొట్టకొచ్చి ఉంది, నీళ్లు లేక ఆకులు చుట్టుకుపోతున్నాయి. చిన్నమ్మ బట్టల కోసం ఒక పూట ఇంటికి వచ్చి కయ్యలను చూసి, తిరిగి ఆస్పత్రికి పోయి నాయనతో అందట.

"బావా, ఇంజను ఎయ్యండి. కయ్య ఎండిపోతాండాది."

"నా సేత గాదమ్మా" అన్నాడట నాయన.

"ఆయప్పకు ఇట్లయిపాయె. పైరు గూడా పోవల్నా? రేపు ఇంటికి పిలుచుకోని పోతే ఏం పెట్టేది?"

మరునాడే నాయన పుత్తూరు పోయి గొట్టం చేయించుకుని వచ్చాడు. దగ్గరుండి బిగించాడు. పొగ బావిగట్టు దాటి పైకి పోవడం మొదలుపెట్టింది. ఒక్క పూట పని. ఆ తర్వాత ఆ ఇంజను ఎన్నో ఏళ్లు ఎవరికీ ఏ హానీ చేయకుండా నడిచింది. నాయన కాణిపాకం పోయి, కోనేట్లో మునిగి, స్వామి ముందు బీడీలు మానేస్తానని ప్రమాణం చేసి వచ్చాడు. ఆయన మానగలిగిన పొగ అదొక్కటే.

దసరా సెలవులకు నేను ఇంటికి వచ్చేసరికి చిన్నాయన వాకిట్లో తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. సన్నబడ్డాడు గానీ మొహం పాత మొహమే. నన్ను చూసి నవ్వాడు.

"ఎప్పుడొస్తివి పాపా?"

"ఇప్పుడే చిన్నాయనా."

పెట్టె లోపల పెట్టి వచ్చాను. "ఎప్పుడొస్తివి పాపా?" అన్నాడు. అన్నం తిని వచ్చాను. "ఎప్పుడొస్తివి పాపా?" అన్నాడు. ప్రతిసారీ అదే నవ్వు, అదే ఇష్టం. పాత సంగతులన్నీ గుర్తున్నాయి. కొత్తవేవీ నిలవడం లేదు. చేతులు వణికి చొక్కా గుండీ పట్టేది కాదు. తిన్నాడో లేదో చిన్నమ్మ చెబితేనే తెలిసేది. సాయంత్రం నాయన అతన్ని చెయ్యి పట్టుకుని బావి దగ్గర నీళ్ల గొట్టం కింద కూర్చోబెట్టి, వీపు రుద్ది స్నానం చేయించేవాడు. పసిపిల్లాడికి చేయించినట్టు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టేవాడు. పడే నీళ్లు ఆ ఇంజను తోడినవే.

మొదటి రోజు నేను ప్రతిసారీ జవాబు చెప్పాను. రెండో రోజు మధ్యాహ్నానికి విసుగు పుట్టింది. తిన్నె ముందు నుంచి పోవలసి వస్తుందని దొడ్డిదారిన తిరగడం మొదలుపెట్టాను. చిన్నమ్మ చూసింది. ఆమె మాత్రం రోజంతా ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు, అప్పుడే మొదటిసారి విన్నట్టు జవాబు చెబుతూనే ఉంది. అప్పటికి ఆమెకు నిండా ఇరవై ఏళ్లు ఉండవు. ఆమెకు పిల్లలు పుట్టలేదు. పుట్టింటివాళ్లు వచ్చి తీసుకుపోతామన్నారు. ఆమె పోలేదు.

హాస్టలుకు నెలనెలా ఇంటి నుంచి బియ్యం వచ్చేవి. నాయన భుజాన మోసుకొచ్చి ఇచ్చేవాడు. నేను చదివాను. సైన్సు చదివాను. కాలేజీలో ఒక రోజు మా మేడం బోర్డు మీద ఒక వాయువు పేరు రాసింది. రంగు లేదు, వాసన లేదు, ఇంధనం సరిగా కాలకపోతే పుడుతుంది, నెత్తురులోకి పోయి ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుంది అని చెప్పింది. చుట్టూ అందరూ రాసుకుంటున్నారు. నేను రాసుకోలేకపోయాను. మేము ఇన్నాళ్లూ ఆ నల్లటి పొగనే తిట్టుకున్నాం. చిన్నాయనను ముంచింది కంటికి కనపడనిది. తర్వాత నేను టీచరునయ్యాను. ఏటేటా ఆ పాఠం వచ్చేది. బొగ్గు, పెట్రోలు, వాటి ఉపయోగాలు, వాటి వల్ల హాని. పిల్లలకు బోర్డు మధ్యలో గీత గీసి రెండు వైపులా రాయించేదాన్ని. గీతకు ఏ వైపు రాస్తున్నా నాకు మా ఇంటివాళ్లే కనిపించేవాళ్లు. గొంతు మాత్రం మారనివ్వలేదు. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న అది.

మా ఊరికి కరెంటు వచ్చాక ఇంజనును పైకి లాగి పాత ఇనుముకు ఇచ్చేశారు. కరెంటు మోటార్లు బావులను ఇంకా తొందరగా ఎండబెట్టాయి. తర్వాత బోర్లు. బోర్లు కూడా పోయాక వరి ఆగిపోయింది, కొన్ని కయ్యల్లో ఇళ్ల స్థలాలకు రాళ్లు పాతారు. అవ్వ, నాయన, అమ్మ ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. చిన్నాయన అందరికంటే ఎక్కువ కాలం ఉన్నాడు. నిద్రలోనే పోయాడు.

కర్మలు అయిన మరునాడు చుట్టాలందరూ వెళ్లాక, చిన్నమ్మా నేనూ మిగిలాం. ఆమె ఏదో ఒకటి తినిపో అని కూర్చోబెట్టింది. వేడన్నం, చింతచిగురు పప్పు. వడ్డిస్తూ, నా మొహం చూడకుండా అంది.

"ఆ ఆదివారం మీ నాయన నిన్ను పిలుచుకోని తిరపతికి పోకుండా పుత్తూరికి పోయుంటే బాగుండు అని నేను శానాతూర్లు అనుకున్నా పాపా."

ఆ మాట నా లోపల అన్నేళ్లుగా ఉంది. ఎవరైనా అంటే ఏం చెప్పాలో కూడా ఎప్పుడో కూర్చి పెట్టుకున్నాను. ఆమె నా కంచంలో పప్పు వేస్తూనే అంది.

"నిన్ను సూసినప్పుడంతా అనుకుంటా. నువ్వు నాకు సీర తెచ్చినప్పుడు గూడా అనుకుంటా. అట్లని నువ్వు సదవకుండా ఉండుంటే బాగుండు అని మాత్రం ఒకతూరి గూడా అనుకోలా." నీళ్ల చెంబు నా ముందుకు జరిపింది. "ఈ రెండిట్లో ఒకటి ఇడిసిపెడదామని సూసినా. నాకు సేతగాలా."

"చిన్నమ్మా" అన్నాను.

"ఊరికే సెప్తిని. ఆయప్ప ఉన్నన్నాళ్లూ సెప్పకూడదని ఉంటి. తిను, సల్లారిపోతాది."

ఆమె కళ్లలో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. క్షమించానని కూడా అనలేదు, క్షమించడానికి నేనేమీ చేయలేదని ఆమెకూ తెలుసు. చేయకపోయినా అంతా నాకే వచ్చింది. తిరుపతిలో ఇల్లు, నెల తిరిగేసరికి పింఛను, ఎండలోంచి వస్తే నీడ. అతనికి వచ్చింది ఒకే ఒక ప్రశ్న. దానికి జవాబు చెబుతూ ఆమె వయసు గడిచిపోయింది.

చిన్నమ్మ ఇంకో గరిటె అన్నం వడ్డించింది. ఆకలి లేదు, అయినా చెయ్యి అడ్డం పెట్టలేదు. ఇప్పుడు, మనవరాలు పాయింటు అడిగిన ఈ వంటింట్లో కూర్చుని ఆలోచిస్తే, ఆ ఇంట్లో వాళ్లు నాకు పెట్టినదేదీ నేనెప్పుడూ వద్దనలేదు. అన్నం, బడి, ఆ ఆదివారం. ఏదీ వద్దనలేదు.